ఆటలమ్మ పోసిన ఇంట్లో సేవ ఎవరిది, నింద ఎవరికి?

(బస్తీ మహిళా సంఘాల ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటలమ్మ గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు ఒకావిడ, "ఇందులో హక్కుల సంగతి ఏముందండీ, పిల్లలకు వచ్చి పోయే జబ్బే కదా" అంది. నిజమే, చాలామంది పిల్లలకు వస్తుంది, పోతుంది. కానీ అది వచ్చినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆడమనిషికి ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ, తర్వాత సంఘంలో తిరుగుతున్నప్పుడూ నేను చూసింది ఒకటే. ఈ జబ్బుకు మన ఇళ్ళల్లో నియమాలు బోలెడున్నాయి. జబ్బు గురించిన సమాచారం మాత్రం చాలా తక్కువ. నియమాలు మోసేది ఆడవాళ్ళు. సమాచారం లేక నష్టపోయేదీ ఆడవాళ్ళూ పిల్లలే.

గడపకు వేపమండ కట్టగానే ఇంట్లో చట్టం మారిపోతుంది. పోపు వెయ్యకూడదు, నీచు వండకూడదు, తల దువ్వుకోకూడదు, తల్లి ఎక్కడికీ పోకూడదు. ముట్టుతో ఉన్న మనిషి ఆ ఛాయలకు రాకూడదు. ఇందులో మగవాడి మీద పెట్టినవి ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. మాంసం మానటం ఒకటి ఉంటుంది, అదీ బయట హోటల్లో తింటే అడిగేవాళ్ళుండరు. సరే, నియమాల వరకు ఎట్లాగో సర్దుకుంటాం. అసలు బాధ నిందతో మొదలవుతుంది. పిల్లవాడికి జ్వరం ఎక్కువైనా, పొక్కులు చీము పట్టినా, "ఎవరో మైలతో వచ్చారు, అందుకే అమ్మవారికి కోపం వచ్చింది" అంటారు. ఆ ఎవరో ఎప్పుడూ కోడలే అవుతుంది, లేకపోతే ఆడపడుచు, లేకపోతే వంటింట్లోకి వచ్చిన పనిమనిషి. ఒక బస్తీలో ఒక చిన్న కోడల్ని, తోడికోడలి పిల్లవాడికి పోసిన మర్నాడే ఆమె బయట చేరిందని, తొమ్మిది రోజులు పుట్టింటికి పంపేశారు. ఆమె పాలిచ్చే తల్లి. పిల్లను ఎత్తుకుని బస్సులో పోయింది. ఆ పిల్లకు పుట్టింట్లో పోసింది. అప్పుడు ఆ నింద కూడా ఆమె మీదే పడింది.

ఇక్కడ ఒక లెక్క చెపుతాను, దీన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆటలమ్మ ఒక వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ ఒంట్లోకి ప్రవేశించిన రోజునే పొక్కులు రావు. 10 రోజుల నుంచి 21 రోజుల వరకు పడుతుంది, ఎక్కువమందికి రెండు వారాలు. అంటే ఇవాళ పొక్కు కనపడిందంటే, అది అంటుకున్నది సుమారు రెండు వారాల కిందట, బడిలోనో, ఆటోలోనో, పెళ్ళిలోనో. నిన్న ముట్టయిన మనిషికీ ఇవాళ పోసిన పొక్కుకూ ఎట్లా ముడిపెడతారు? ముట్టు రక్తంలో ఈ వైరస్‌ను రప్పించేది గానీ ముదిరించేది గానీ ఏదీ లేదు. అది పొక్కులున్న మనిషి ఊపిరి నుంచి, దగ్గు తుంపరల నుంచి, పొక్కుల్లోని నీటి నుంచి వస్తుంది. ఆ గాలి మగవాడు పీల్చినా ఒకటే, ఆడది పీల్చినా ఒకటే. ఇంకో సంగతి. పొక్కులు పైకి రావటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆ పిల్లవాడు ఇతరులకు అంటించగలడు. కాబట్టి తల్లి జాగ్రత్తగా లేక అంటించిందన్న మాట కూడా నిలవదు. ఇంకా కనపడని జబ్బును ఆమె ఎట్లా ఆపుతుంది?

నేను అమ్మవారికి మొక్కుకోవద్దని చెప్పటానికి రాలేదు. పోచమ్మకు పెట్టుకుంటారో, పోలేరమ్మకు పెట్టుకుంటారో మీ ఇష్టం. కానీ ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. మన పెద్దవాళ్ళు పెద్దమ్మవారు అని పిలిచింది మశూచిని. అది మనుషుల్ని చంపింది, గుడ్డివాళ్ళను చేసింది, మొహాన గుంటలు మిగిల్చింది. దానికి మందు లేదు, మొక్కు ఒక్కటే మిగిలింది. మన దేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది భూమ్మీద లేదని ప్రకటించింది. టీకాలతోనే పోయింది. అది పోయినా దాని నియమాలు, దాని భయం, చిన్నమ్మవారి మీదకు, అంటే ఆటలమ్మ మీదకు, వచ్చి పడ్డాయి. రెండూ వేరు వేరు జబ్బులు, వేరు వేరు వైరస్‌లు. అన్నట్టు, చికెన్‌పాక్స్ అన్నారు కదా అని కోడికూర తింటే వస్తుందనుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళల్లో కూడా ఉన్నారు. కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

అమ్మవారు అనే ఒక్క మాట కింద ఇంకో ప్రమాదం కూడా ఉంది. తట్టును కూడా చాలా చోట్ల అమ్మవారనే అంటారు. తట్టు అయితే మూడు నాలుగు రోజులు బాగా జ్వరం, జలుబు, దగ్గు, కళ్ళు ఎర్రబడటం, ఆ తర్వాత చెవుల వెనక, మొహం మీద మొదలై కిందికి దిగే ఎర్రటి దద్దులు. వాటిలో నీరు ఉండదు. ఆటలమ్మ అయితే కొంచెం జ్వరం, నలత, ఆ వెంటనే రొమ్ము మీద, వీపు మీద, మొహం మీద చిన్న ఎర్రటి మచ్చలు. గంటల్లోనే ఉబ్బి మంచుబొట్టు లాంటి నీటిపొక్కులవుతాయి. మూడు నాలుగు రోజుల పాటు విడతలు విడతలుగా వస్తాయి. అందుకని ఒకే చోట ఒకటి అప్పుడే పుట్టిన మచ్చ, ఒకటి నీటిపొక్కు, ఒకటి ఎండిన చెక్కు, మూడూ కనపడతాయి. ఆటలమ్మను గుర్తుపట్టేది అట్లాగే. తట్టు చిన్నపిల్లల ప్రాణానికి చాలా ఎక్కువ ప్రమాదం. దానికి టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది, 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. అనుమానం ఉంటే ఆశా కార్యకర్తకో ఏ.ఎన్.ఎం.కో చూపించండి. అమ్మవారు పోసింది కదా అని ఇంట్లో దాచిపెట్టకండి.

ఇక ఇంట్లో చూసుకోవటం. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఈ జబ్బు దానంతట అదే తగ్గుతుంది. మనం చెయ్యవలసింది దురద తగ్గించటం, పొక్కులు చీము పట్టకుండా చూడటం, తిండీ నీళ్ళూ తగ్గకుండా చూడటం, ప్రమాదం వస్తే పోల్చుకోవటం.

స్నానం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాటు అక్కడే జరుగుతుంది. మన పద్ధతి ప్రకారం మూడో రోజో, ఐదో రోజో, తొమ్మిదో రోజో లెక్క చూసి తలకు పోస్తారు. అప్పటిదాకా ఒంటికి నీళ్ళు తగలనివ్వరు. ఏప్రిల్ ఎండలో, రేకుల ఇంట్లో, చెమటతో, మురికితో, పొక్కులతో ఆ పిల్ల ఎట్లా ఉంటుందో ఆలోచించండి. గోకుతుంది. గోళ్ళలో మట్టి పొక్కులోకి పోతుంది. చీము పడుతుంది. మనం చూసే పెద్ద మచ్చలు చాలావరకు గోకుడు వల్ల, చీము వల్ల పడేవే. కాబట్టి మొదటి రోజు నుంచే, రోజూ, గోరువెచ్చని లేదా చల్లారిన నీళ్ళతో స్నానం చేయించాలి. రుద్దకూడదు. మెత్తటి గుడ్డతో అద్దాలి. వేపాకు వేసి కాచిన నీళ్ళు పోస్తామంటే పొయ్యండి, నష్టం లేదు. పక్కన వేపమండ పెట్టి దురదగా ఉన్నచోట మెల్లగా విసరటం మన పెద్దవాళ్ళు చేసిన మంచి పనే, గోకటం కంటే నయం కదా. పసుపూ వేపాకూ నూరి పచ్చిపొక్కుల మీద దట్టంగా పూయటం మాత్రం వద్దు. అది ఎండి అట్టకట్టి, పీకినప్పుడు పొక్కు చితుకుతుంది, కింద చీము పట్టినా కనపడదు. మందుల షాపులో కాలమైన్ లోషన్ దొరుకుతుంది. దూదితో అద్దితే చల్లగా ఉంటుంది. కళ్ళ దగ్గర, నోట్లో పెట్టకండి.

గోళ్ళు కత్తిరించండి. చిన్నపిల్లలకు రాత్రిపూట చేతులకు పల్చటి నూలు సాక్సు తొడగండి. వదులు నూలు బట్టలు వెయ్యండి. దుప్పట్లు కప్పి కుక్కితే దురద పెరుగుతుంది. తువ్వాలు వేరుగా పెట్టండి. బట్టలు సబ్బుతో ఉతికి ఎండలో వేస్తే చాలు, కాల్చెయ్యనక్కర్లేదు.

తిండి మాటకొస్తే, పోపు లేని చప్పిడి అన్నం రెండు రోజులు పెడితే ఏమీ కాదు. నోట్లో పుళ్ళున్న పిల్లకు కారం ఎట్లాగూ ఎక్కదు. పెరుగన్నం, మజ్జిగ, రాగిజావ, కొబ్బరినీళ్ళు, మెత్తటి పప్పన్నం, అరటిపండు మంచివే. కానీ పది రోజులు పప్పు మానిపించి, గుడ్డు మానిపించి, నూనె చుక్క తగలకుండా ఉంచటం ఎందుకు? అసలే బలం లేని పిల్ల ఇంకా చిక్కిపోతుంది. తింటానంటే గుడ్డు పెట్టండి. ఇంట్లో వండటానికి పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్డయినా పెట్టండి. అమ్మవారు పిల్ల కడుపు మాడ్చమని ఎక్కడా చెప్పలేదు. పాలు తాగే బిడ్డకు పాలు ఆపకండి. తల్లికి పోసినా పాలివ్వవచ్చు. చనుమొన మీదే పొక్కులుంటే మాత్రం ఆ పక్క బిడ్డ నోటికి ఇవ్వకండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పిల్లల బరువును బట్టి కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా, అంటే 10 కిలోల పిల్లకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు. ఆరు గంటల ఎడం ఉండాలి. రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. సిరప్‌లు రకరకాల బలంతో వస్తాయి. సీసా మీద 5 మిల్లీలీటర్లకు ఎంతని రాసుందో చదివించుకుని తెలుసుకోకుండా పొయ్యకండి. ఆస్పిరిన్ పిల్లలకు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. ఆటలమ్మలో ఆస్పిరిన్ ఇస్తే మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. తలనొప్పి బిళ్ళలు కొన్నింటిలో ఆస్పిరిన్ ఉంటుంది. ఐబుప్రొఫెన్ కూడా ఈ జబ్బులో వద్దు. ఇంకోటి, గట్టిగా చెపుతున్నాను, సూది కోసం పట్టుబట్టకండి. వీధి చివర సూది వేసే ఆయన జ్వరం చప్పున దిగటానికి స్టెరాయిడ్ కలిపి పొడిచేస్తాడు. ఆటలమ్మలో స్టెరాయిడ్ పడితే జబ్బు విషమించే ప్రమాదముంది. దురదకని షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు కూడా అంతే.

ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి? ఊపిరి కష్టంగా ఉన్నా, జ్వరం నాలుగు రోజులు దాటినా, తగ్గిన జ్వరం మళ్ళీ పెరిగినా. పొక్కుల చుట్టూ ఎర్రగా, వేడిగా, నొప్పిగా వాచినా, చీము కారినా. పొక్కుల్లో రక్తం కనపడినా. పిల్ల మగతగా పడి లేవకపోయినా, ఆగకుండా వాంతులైనా, నడిస్తే తూలుతున్నా, మెడ బిగిసినా, మూర్ఛ వచ్చినా, ఒంటేలు బాగా తగ్గిపోయినా. ఇవి కనపడినప్పుడు "తొమ్మిదో రోజు నీళ్ళు పోశాక చూద్దాం" అనే పెద్దవాళ్ళుంటారు. అప్పుడు మీరు అత్తగారితో వాదన పెట్టుకోనక్కర్లేదు, సంఘం వాళ్ళను పిలవండి, నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడితే ఆటో వస్తుంది. పుట్టి నెల దాటని బిడ్డకు, క్యాన్సర్ మందులు వాడే పిల్లలకు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళకు, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు పోస్తే మాత్రం ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండా మొదటి రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

పెద్దవాళ్ళకు కూడా అంతే. వయసొచ్చాక పోస్తే ఇది చిన్న జబ్బు కాదు. ఊపిరితిత్తులకు దిగవచ్చు. పొక్కులు మొదలైన 24 గంటల్లోపు ఎసైక్లోవిర్ అనే మందు మొదలుపెడితే జబ్బు తీవ్రత తగ్గుతుంది, కానీ అది డాక్టరు చూసి రాయాలి. చలిదేశాల్లో దాదాపు అందరికీ చిన్నతనంలోనే వచ్చిపోతుండేది. మన లాంటి వేడి దేశాల్లో చాలామంది రాకుండానే పెద్దవుతారు. అందుకే మన దగ్గర పెళ్ళయిన ఆడపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు పోయటం చూస్తుంటాం.

కడుపుతో ఉన్న చెల్లెళ్ళు ఇది వినండి. మీకు చిన్నప్పుడు పోసిందా లేదా మీ అమ్మను అడగండి, ఇవాళే అడగండి. పోసి ఉంటే దిగులు పడనక్కర్లేదు, దాదాపుగా మళ్ళీ రాదు. పోసి ఉండకపోతే, పోసిన ఇంటికి పరామర్శకు పోకండి, బలవంతం చేసినా పోకండి. పొరపాటున దగ్గరికి పోయి ఉంటే పొక్కులు వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్షలో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే పది రోజుల్లోపు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్ ఉంది, అది ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. ఐదు నెలల లోపు కడుపులో తల్లికి పోస్తే బిడ్డకు అవకరాలు రావచ్చు, కానీ అది నూటికి ఒకరిద్దరికే. ఈ మాట ఎందుకు చెపుతున్నానంటే, పోసిందనగానే కడుపు తీయించెయ్యమని ఇంట్లో వాళ్ళు తొందరపెడతారు. స్కానింగ్ చేయించుకుని, డాక్టరుతో మాట్లాడి, నిర్ణయం మీరు తీసుకోండి. ఆ నిర్ణయం మీది. ఎక్కువ భయపడవలసింది తల్లికే న్యుమోనియా రావటం గురించి. అట్లాగే కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి కాన్పయిన రెండు రోజుల దాకా తల్లికి పోస్తే పుట్టిన బిడ్డకు చాలా ప్రమాదం. అప్పుడు పెద్దాస్పత్రి తప్పదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పోసిన పిల్లను ఎవరు చూడాలి? ఈ వైరస్ ఒకసారి వచ్చి పోయినవాళ్ళకు మళ్ళీ రావటం చాలా అరుదు. రాని వాళ్ళు ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో తొమ్మిది మందికి దాకా అంటుతుంది. మరి పిల్ల పక్కన కూర్చోవలసింది ఎవరు? చిన్నప్పుడు పోసినవాళ్ళు. అది తండ్రి కావచ్చు, తాత కావచ్చు, బాబాయి కావచ్చు. మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నే అడగరు. ఎప్పుడూ పొయ్యని, కడుపుతో ఉన్న పిన్నిని సేవకు కూర్చోబెడతారు. చిన్నప్పుడే పోసి, మొహాన మచ్చ కూడా ఉన్న తండ్రి వీధి అరుగు మీద పడుకుంటాడు, "మగాడికి తగులుతుంది" అని. తండ్రి గోరువెచ్చని నీళ్ళు పొయ్యలేడా? లోషన్ అద్దలేడా? రాత్రి లేచి పిల్ల చేతులు పట్టుకోలేడా? ఇది మాత్రం మీరు ఇవాళ ఇంటికి పోయి అడగండి. ఇంట్లో ఎవరెవరికి పోసిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రేపు అవసరం పడితే ఎవరు సేవకు కూర్చోవాలో ఆ కాగితమే చెపుతుంది.

ఎన్ని రోజుల చాకిరీ ఇది? ఒక పిల్లకు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టటానికి వారం దాకా పడుతుంది. అప్పటిదాకా బడికి పంపకూడదు. మొదటి పిల్ల లేచి తిరుగుతుండగా, అంటే రెండు వారాలకు, రెండో పిల్లకు మొదలవుతుంది. ఇద్దరు పిల్లల తల్లికి నెల పోయినట్టే. ఆ నెల కూలి ఎవరిస్తారు? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే స్త్రీకి పిల్లల సంరక్షణ కోసం మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవు ఉంది, 2008 నుంచి. మంచిదే, అది పోరాడి తెచ్చుకున్నదే. ఇ.ఎస్.ఐ. ఉన్న ఫ్యాక్టరీ కార్మికురాలికి, చందా రోజులు సరిపోతే, తనకు జబ్బు చేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. తనకు పోస్తే డిస్పెన్సరీలో సర్టిఫికెట్ తీసుకోవటం మర్చిపోకండి, ఈ హక్కు వాడుకోని వాళ్ళే ఎక్కువ. కానీ పిల్లకు జబ్బు చేస్తే అది వర్తించదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు, బీడీలు చుట్టేవాళ్ళకు, కూలీకి పోయేవాళ్ళకు అదీ లేదు ఇదీ లేదు. ఇళ్ళల్లో పనిచేసే అక్కల సంగతి మరీ దారుణం. "మీ ఇంట్లో పోసిందటగా, మా పిల్లలున్నారు, పది రోజులు రావద్దు" అని వాళ్ళే చెపుతారు. నెలాఖరున పది రోజుల జీతం వాళ్ళే కోస్తారు. రావద్దన్నది మీరే అయినప్పుడు జీతం ఎందుకు కోస్తారని అడగాలి. ఒక్కరు అడిగితే పని పోతుంది, అపార్టుమెంటులో పనిచేసే అందరూ కలిసి ముందే మాట్లాడుకుని పెట్టుకోవాలి. మనకు పోయి, వాళ్ళింట్లో పిల్లకు పోసినప్పుడు మనల్ని రావద్దనరు చూడండి, అప్పుడు రెండు పూటలా రమ్మంటారు.

హాస్టళ్ళ గురించి కూడా ఒక మాట. సంక్షేమ హాస్టళ్ళలో, గురుకులాల్లో ఒక అమ్మాయికి పొయ్యగానే ఫోను చేసి "తీసుకుపొండి" అంటారు. కూలి మానుకుని తల్లి పోతుంది, జ్వరంతో ఉన్న పిల్లను నిండు బస్సులో తీసుకొస్తుంది. ఆ బస్సులో ఎంతమందికి అంటుతుందో ఎవరికి పట్టింది? పది పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు ఈ జబ్బు చిన్నపిల్లల కంటే గట్టిగా వస్తుంది. హాస్టల్లో వేరు గది, రోజూ నర్సు చూడటం, వేళకు జావ, పరీక్షలుంటే ఆ పిల్లకు వేరుగా కూర్చునే వీలు, ఇవి అడగటం మన హక్కు. మొహాన మచ్చలు పడితే పెళ్ళి కాదని ఆడపిల్లను ఏడిపించేవాళ్ళు కూడా అక్కడే ఉంటారు. పిల్లలకు చెప్పండి, గోకకపోతే చాలా మచ్చలు నెలల్లో కలిసిపోతాయి. కలవకపోయినా ఆ పిల్ల విలువ అందులో లేదు.

టీకా లేదా అని అడుగుతారు. ఉంది. జపాన్‌లో మిచియాకి తకహాషి అనే డాక్టరు తయారుచేశాడు. 1964లో ఆయన మూడేళ్ళ కొడుక్కి ఆటలమ్మ చాలా తీవ్రంగా వచ్చిందట, ఆ రాత్రులు కాపలా కాసిన తండ్రి తర్వాత ఈ పని చేపట్టాడు. రాత్రుళ్ళు మేలుకోవటం తండ్రులకు కూడా పనికొస్తుందన్నమాట! అమెరికాలో 1995 నుంచి పిల్లలకు వేస్తున్నారు. అంతకు ముందు అక్కడ ఏడాదికి సుమారు 40 లక్షల మందికి వచ్చేది, 100 నుంచి 150 మంది చనిపోయేవారు. వచ్చి పోయే జబ్బే అంటాం గానీ, అందరికీ పోదు.

టీకా రెండు మోతాదులు. మొదటిది ఏడాది దాటాక, సాధారణంగా 15 నెలలకు. రెండోది ఎప్పుడో పిల్లల డాక్టరు చెపుతారు. పెద్దవాళ్ళు కూడా వేయించుకోవచ్చు. ఇంట్లో ఒకరికి పోసిన మూడు రోజుల్లోపు, ఇంతవరకు రాని మిగతావాళ్ళకు వేస్తే చాలావరకు ఆపుతుంది, లేదా తేలిక చేస్తుంది. గర్భిణులకు మాత్రం వెయ్యకూడదు, వేయించుకున్నాక కూడా కనీసం నెల రోజులు కడుపు రాకుండా చూసుకోవాలి. మన ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. బయట ఒక్కో మోతాదు రెండు వేల రూపాయల దరిదాపుల్లో ఉంది. ఇద్దరు పిల్లలుంటే ఎనిమిది వేలు. కూలి చేసుకునే తల్లి ఎక్కడ తెస్తుంది?

మరి అందరికీ ఉచితంగా వెయ్యమని అడగవచ్చా? అడగాలి, కానీ ఒక సంగతి తెలుసుకుని అడగాలి. ఈ టీకా సగం మందికి వేసి సగం మందికి వదిలేస్తే, పిల్లల్లో జబ్బు తగ్గి, వదిలేసిన వాళ్ళకు పెద్దయ్యాక వచ్చే అవకాశం పెరుగుతుంది. అంటే కడుపుతో ఉన్నప్పుడు. అందుకే నూటికి 80 మందికి పైగా వెయ్యగలిగి, దాన్ని నిలబెట్టుకోగలిగితేనే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇప్పుడు జరుగుతున్నది చూడండి, డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటున్నారు, లేనివాళ్ళు మిగిలిపోతున్నారు. ఆ నష్టం ఎవరి మీద పడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి వేస్తే అందరికీ వెయ్యాలి. అది జరిగేదాకా కనీసం ఆటలమ్మ రాని నర్సులకు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు, హాస్టల్ అమ్మాయిలకు ప్రభుత్వం ఖర్చుతో వెయ్యాలి. ఈ మేరకు కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రం ఇక్కడ రాసి పెట్టాం. సంతకం చేసే ముందు చదివించుకోండి. హాస్టల్లో వేరు గది సంగతి కూడా అందులో ఉంది, పనిమనుషుల జీతం కోతదీ ఉంది.

ఇంకొకటి మర్చిపోయేదాన్ని. ఈ వైరస్ తగ్గాక కూడా నరాల్లో దాగి ఉంటుంది. ఏళ్ళ తర్వాత నడుం చుట్టూనో రొమ్ము పక్కనో ఒకవైపే మంటతో పొక్కుల పట్టీలా లేస్తుంది. సర్పి అంటారు, అక్కి అంటారు. దానికీ మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మేలు. ఆ పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రాని పిల్లలకు ఆటలమ్మ వస్తుంది. కాబట్టి అమ్మమ్మకు సర్పి లేస్తే పసిబిడ్డను ఒళ్ళో పడుకోబెట్టకండి, పొక్కుల మీద గుడ్డ కప్పమనండి.

ఇక మీరు అడగండి. ముందు కడుపుతో ఉన్నవాళ్ళు అడగండి, వాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేరు. ఇంట్లో పోసి ఉండి కూడా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ కిటికీ పక్కకు వచ్చి కూర్చోండి. సిగ్గుపడకండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.